నేను వెల్డింగ్ పెట్టిన తలుపు

ఆ తలుపుకు వెల్డింగ్ పెట్టింది నేనే. ముందే చెప్పేస్తున్నాను. ఇంకెవడో చెప్పగా మీరు వినడం నాకిష్టం లేదు.

మాల్ వెనక, చీపుళ్లు, ఫినాయిలు డబ్బాలు పెట్టుకునే గది పక్కన, పనివాళ్లు వచ్చిపోయే ఇనుప తలుపు అది. సరుకు అటునుంచే బయటికి పోతోందని మేనేజర్‌కు అనుమానం. "నాలుగు చోట్ల అతికించు, చాలు," అన్నాడు. నాలుగు చోట్ల అతికిస్తే నాలుగు గునపం పోట్లకు ఊడొచ్చేది. కానీ నా పనికి వంక పెట్టేవాడు ఇంకా పుట్టలేదని నాకో పొగరు. పైనుంచి కిందిదాకా సందు లేకుండా అతికించాను. మేనేజర్ లాగి చూసి, "పనంటే ఇదిరా," అన్నాడు. సిగ్గులేని వెధవని, పొంగిపోయాను.

ఈ మాల్ పుట్టుక కూడా మీకు తెలియాలి. ఇరవై రెండేళ్ల కిందట ఇక్కడ ఆరుబయట అంగడి ఉండేది. మా వదిన అక్కడ కూరగాయలు అమ్మేది. "గోడలు కట్టి, కప్పేసి, చల్లగాలి పెట్టి మీకు తలో షాపు ఇస్తాం," అన్నారు పెద్దమనుషులు. నమ్మి లేచారు. షాపు రాలేదు, చేతికి చీపురొచ్చింది. గంప పెట్టుకున్న చోటే వదిన పాలరాయి తుడిచింది. మొదట్లో చుట్టుపక్కల ఊళ్లనుంచి జనం బస్సులెక్కి వచ్చేవాళ్లు, ఏడు ద్వారాలూ చాలేవి కావు. కిటికీ మాత్రం ఒక్కటీ లేదు. పొద్దు గుంకిందని తెలిస్తే కొనేవాడు ఇంటికి పోతాడట. ముందు ద్వారాల్లోంచి పనివాళ్లు నడవకూడదు, మా దారి వెనకే.

తర్వాత హైవే పక్కన ఇంకో పెద్ద మాల్ లేచింది. ఇక్కడ షాపులు ఖాళీ అయ్యేకొద్దీ యజమాని కాపలావాళ్లను పీకేసి, ద్వారాలకు గొలుసులేసి తాళాలు బిగించాడు. చివరికి ముందు ఒకటి, వెనక మాదొకటి మిగిలాయి. ఆ వెనకదాని సంగతి నేను చూశాను.

తలుపు అతికించిన పదకొండో రోజు మధ్యాహ్నం ఆ చీపుళ్ల గదిలో వైర్లు అంటుకున్నాయి. లోపల తొమ్మిదిమంది ఆడవాళ్లు భోజనం చేస్తున్నారు. వెనక తలుపు మూసేశారని వాళ్లకు తెలుసు. కాళ్లకు తెలియదు కదా, పొగలో అందరూ అటే పరిగెత్తారు. ఎనిమిదిమంది తప్పు తెలుసుకుని, పాక్కుంటూ ముందు ద్వారానికి చేరారు. వదినకు ఆయాసం, తలుపు దగ్గరే ఉండిపోయింది. కోసే మిషను నా షెడ్డులో ఉండిపోయింది, నేను బయటినుంచి గునపం పట్టుకుని పొడుస్తున్నాను.

"మరిదీ, నువ్వేనా?"

"నేనే వదినా. తీస్తున్నా."

"తొందరగా తియ్యయ్యా."

నా అతుకు ఒక్కచోట కూడా వదల్లేదు. దగ్గు వినిపించింది, తర్వాత అదీ లేదు.

పోలీసులు స్టేషన్లోనే కూర్చుని ప్రమాదమని కాగితం రాశారు. రెండు రోజులకే మాల్ తెరిచారు. వెనక తలుపు అలాగే ఉంచుతామన్నారు.

స్కూటర్లు పెట్టే చోట పనివాళ్లం అందరం చేరాం. లిఫ్టు నడిపే ఆయన గొణిగాడు: "పోయినామె ఎలాగూ పోయింది. మన కూడు మనమే చెడగొట్టుకోవడం దేనికి?"

"రేపు నువ్వు పోతే మేమూ ఇదే మాట అనుకుంటాంలే," అంది బట్టల షాపు పిల్ల. "తలుపు తీస్తేనే లోపలికి పోదాం."

నేను లేచి నిలబడ్డాను. "మూసింది నేను," అన్నాను.

బాత్రూములు కడిగే పెద్దమ్మ వచ్చి నా చెంప పగలగొట్టింది. ఆ పొగలోంచి పాక్కుంటూ వచ్చినవాళ్లలో ఆమె ఒకతె. "ఇంట్లో కూర్చుని ఏడుద్దువు గాని, మూయించిందెవడో మాకు తెలుసు. కోసే మిషనెక్కడుందిరా?"

గ్యాస్ కట్టర్ తెచ్చి, రెండొందల మంది చూస్తుండగా కోశాను. తలుపు చప్పుడు చేస్తూ పడింది. దాని లోపలివైపు మసిలో వేళ్ల గుర్తులున్నాయి. నాకు అక్కడే చచ్చిపోవాలనిపించింది.

పోలీసులొచ్చారు. వదిన చచ్చినప్పుడు రానివాళ్లు తలుపు పడగానే వచ్చారు. ఆస్తి పాడు చేశానని నాకు బేడీలేసి వ్యానెక్కించారు. కట్టర్ లాక్కోబోతే ఆడవాళ్లు దాని సిలిండర్ల చుట్టూ కూర్చుని కదల్లేదు, దానికోసం వ్యాన్ అక్కడే ఆగింది.

మేనేజర్ బజారునుంచి ఇంకో వెల్డర్ని పట్టుకొచ్చాడు, తలుపు మళ్లీ అతికించమని. అతనెవరో మాకు తెలియదు. వెల్డింగ్ వైర్లు దించి, కిందపడ్డ తలుపు దగ్గర గొంతుక్కూర్చుని, ఆ వేళ్ల గుర్తులు చూశాడు.

"లోపల మనుషులుంటారా?" అని అడిగాడు.

"మేముంటాం నాయనా," అంది పెద్దమ్మ.

"కబుర్లాపి పని చూడు," అన్నాడు మేనేజర్.

పెద్దమ్మ కట్టర్ అందుకుని లేచింది. ఇద్దరు ఆడవాళ్లు సిలిండర్ల బండి తోస్తుంటే, గొలుసేసిన పక్క ద్వారం వైపు నడిచింది. జనమంతా ఆమె వెనకే కదిలారు, లిఫ్టాయన కూడా. ఆమెకు దాన్ని వెలిగించడం రాదు. నేను వ్యాన్ ఊచల్లోంచి అరిచాను: "ముందు గ్యాస్ కొంచెం తిప్పి వెలిగించు పెద్దమ్మా! తర్వాతే ఆక్సిజన్!"

పోలీసు నా నోటిమీద కొట్టాడు. వ్యాన్ కదిలింది. మిగతాది పెద్దమ్మ తర్వాత చెప్పింది.

ఆ కొత్త వెల్డర్ లేచాడు. మేనేజర్‌ను దాటుకుని జనంలోకి పోయి, పెద్దమ్మ ముందు చెయ్యి చాపాడు.

"ఇటివ్వమ్మా," అన్నాడు. "ఇంకా ఎన్ని తలుపులున్నాయి?"