యాభైల భుజమే అన్నారు

కొరియాలోని మా పొహాంగ్‌లో యాభై దాటిన ఆడది భుజం పట్టుకుని అబ్బా అంటే చాలు, పక్కనున్నవాళ్ళు వైద్యం చెప్పేస్తారు. "యాభైల భుజం లేవే, అందరికీ వచ్చేదే. దానంతటదే పోతుంది, చెయ్యి మాత్రం ఆడిస్తూ ఉండు." నేనూ అదే నమ్మాను. రోజూ పొద్దున్నే పార్కులో వ్యాయామానికి పెట్టిన పెద్ద ఇనప చక్రం పట్టుకుని తిప్పాను. తిప్పేకొద్దీ నొప్పి పెరిగింది. పెరిగేకొద్దీ ఇంకా తిప్పాను. బుద్ధున్న మనిషి చేసే పనేనా ఇది?

నా పేరు పిల్‌నామ్. ఆడవాళ్ళ స్నానశాలలో ఒళ్ళు రుద్దడం నా పని. గరుకు గుడ్డ చేతికి తొడుక్కుని, బల్ల మీద పడుకున్నవాళ్ళ మట్టి తీస్తాను. మాకు రెండు బల్లలు. వేడినీళ్ళ తొట్టి పక్కది నాది, తలుపు దగ్గర చలిగాలి కొట్టేది మిరాన్‌ది. మిరాన్ నాకంటే చాలా చిన్నది, చేతిలో సత్తువుంది, మాట తీపి. నా బల్ల మీద దానికి కన్నుందని నాకు ఎప్పుడో తెలుసు.

చివరికి జుట్టు ముడేసుకోవడానికి కూడా కుడి చెయ్యి లేవకపోతే ఆస్పత్రికి వెళ్ళాను. డాక్టర్ ప్యో చిన్న పిల్లే. స్కాన్ చూసి ఓపిగ్గా చెప్పింది.

"ఇది యాభైల భుజం కాదమ్మా. చొక్కా చేతిపట్టీ మణికట్టుని చుట్టినట్టు, భుజం ఎముకని నాలుగు కండరాల కొసలు చుట్టి పట్టుకుంటాయి. మీకు అందులో పైది పూర్తిగా తెగింది. ఇన్నేళ్ళు రుద్ది రుద్ది అరిగిపోయింది."

"ఓ సూది వెయ్యండి, తగ్గిపోతుంది."

"చిన్న చిరుగైతే సూదితో, వ్యాయామంతో చూసేదాన్ని. దీన్ని తిరిగి ఎముకకి కుట్టాలి. కుట్టాక ఆరు వారాలు చెయ్యి పట్టీలోనే ఉండాలి. బలం పెట్టి రుద్దే పని ఆరు నెలల దాకా వద్దు."

"కుట్టించుకోకపోతే?"

"తెగిన కొస వెనక్కి లాక్కుపోతుంది. కండ కొవ్వైపోతుంది. అప్పుడు కుడదామన్నా కుట్టు నిలవదు."

ఆరు నెలలు! ఈలోగా నా దగ్గరికి వాడుకగా వచ్చేవాళ్ళంతా మిరాన్ చేతికి అలవాటు పడిపోతారు. ఇంకో చెయ్యి మరిగిన ఒళ్ళు మళ్ళీ వెనక్కి రాదు. ఆలోచిస్తానని లేచొచ్చేశాను. వస్తూ వస్తూ వేరే క్లినిక్కులో దూరి, స్కాన్ మాట మింగేసి, యాభైల భుజమని చెప్పి సూది వేయించుకున్నాను.

నొప్పి తగ్గింది. మనసుకి మాత్రం నిలకడ లేకుండా పోయింది. మిరాన్ నవ్వితే ఎందుకు నవ్విందో, నా దగ్గరికొచ్చే ఆవిడెవరైనా దాంతో మాట్లాడితే ఏం మాట్లాడిందో అని ఒకటే గుంజాటన. ఎడం చేత్తో రుద్దుతూ కుడి చెయ్యి ఊరికే పైన ఆనించి నటించేదాన్ని. వారానికోసారి నేనూ మిరానూ ఒకరి ఒళ్ళు ఒకరం రుద్దుకునేవాళ్ళం. జలుబని, తలనొప్పని అదీ ఎగ్గొట్టాను.

చుసొక్ పంటల పండగ ముందు రోజు, జనం విరగబడకముందే, మిరాన్ నన్ను పట్టుకుంది.

"పడుకో అక్కా. పండగ పూట మట్టితో ఉంటావా?"

"నాకేం వద్దు, పో."

"ఈ వయసులో సిగ్గొచ్చిందా? పడుకో తల్లీ!"

ఇంకా కాదంటే అనుమానం వస్తుందని పక్కకి తిరిగి పడుకున్నాను. వీపు అయింది. చంక కింద రుద్దడానికి నా కుడి చెయ్యి పైకెత్తింది. ఎక్కడా పట్టెయ్యకుండా చెవి దాకా వెళ్ళిందది. మిరాన్ చేతులు ఆగిపోయాయి.

"అక్కా, యాభైల భుజమన్నావు కదా. అలాంటి భుజాలు ఎవరెత్తినా లేవవు, తుప్పు పట్టిన తలుపులా బిగుసుకుపోతాయి. నీదేంటి ఇంత సులువుగా వస్తోంది? లేచి కూర్చో."

కూర్చున్నాను. చెయ్యి పక్కకి భుజమెత్తు దాకా లేపింది.

"వదిలేస్తున్నా. అలాగే ఉంచు."

వదిలింది. పళ్ళు బిగించాను. చెయ్యి నా మాట వినలేదు. తడి బల్ల మీద టప్పున పడింది.

"తెగింది కదూ?"

దాచి లాభం లేదు. కుట్టు, పట్టీ, ఆరు నెలలు, అన్నీ చెప్పేశాను. నోరు ఊరుకోదు కదా, "ఇంకేం, నీ పంట పండింది. జరుగు ఈ బల్లకి," అని కూడా అన్నాను.

"అవును, ఈ బల్ల నాకు కావాలి," అంది మిరాన్. "వచ్చిన రోజు నుంచీ కావాలి. అబద్ధమెందుకు? నీ వాళ్ళని నేను రుద్దుతాను. తర్వాత నీ దగ్గరికొస్తారో రారో వాళ్ళిష్టం, నేను మాటివ్వను. కానీ ఈ చేత్తో ఇంకో పండగ లాక్కొస్తే, బల్ల ఉండి ఏం చేసుకుంటావక్కా? ఎక్కి పడుకుంటావా?"

నాకు ఏడుపొచ్చింది. అది జాలి పడుంటే మొహాన నీళ్ళు కొట్టేదాన్ని. కానీ అది ఉన్నమాటే అంది. భయం మాత్రం అలాగే ఉంది.

బయట చెప్పుల చప్పుడు మొదలైంది. మిరాన్ బల్ల మీద నీళ్ళు కొట్టి గుడ్డ పిండుకుంది.

"ముందొచ్చేది చేపల కొట్టు పెద్దమ్మ," అన్నాను. "ఎడం మోకాలి వెనక గట్టిగా రుద్దకు, నరాలు ఉబ్బి ఉంటాయి. నొప్పెట్టినా ఆవిడ చెప్పదు. ఆ తర్వాత ఇస్త్రీ కొట్టావిడ. పొట్ట మీద ఆపరేషన్ గాటు ఎవరి కంటా పడకూడదు, తువ్వాలు కప్పి..."

"మెల్లిగా చెప్పక్కా," అంది మిరాన్.

ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పని మాటలవి. ఒక్కో మాటకీ ఒక్కో మనిషి నా చేతిలోంచి జారిపోతున్నట్టుంది. అయినా తలుపు తెరుచుకునేదాకా చెబుతూనే ఉన్నాను.