ఒక్కసారే పిలిచిన పేరు

సంజీవి గొంతు ఎరగనివాళ్ళు తమిళనాట రాజపాళయంలో ఎవరైనా ఉన్నారంటే, వాళ్ళు కోర్టు గడప తొక్కే ఖర్మ పట్టని అదృష్టవంతులన్నమాట. ముప్పై ఏళ్ళుగా అతను కోర్టులో డవాలీ బంట్రోతు. భుజం మీదుగా ఎర్రపట్టీ వేసుకుని, గుమ్మం దాటి వరండా చివరిదాకా వచ్చి, కేసులో ఉన్నవాడి పేరు మూడుసార్లు పిలవడం అతని పని. మూడంటే మూడు. పిలుపుకీ పిలుపుకీ మధ్య మనిషి పరుగెత్తుకొచ్చేంత వ్యవధి ఇవ్వాలి. మూడో పిలుపుకీ ఎవరూ రాకపోతే లోపలికి పోయి "లేరయ్యా" అని చెప్పాలి. ఆ ఒక్క మాట మీద మేజిస్ట్రేటు అరెస్టు వారంటు రాసేస్తారు. ఎవరు ఇంటికి పోవాలో, ఎవరు జైలుకు పోవాలో సగం తన గొంతులోనే ఉందని సంజీవికి బాగా తెలుసు. దాని మీద కాస్త గర్వం కూడా ఉండేది. ఉండదా మరి!

మునియసామిది చోళపురం. పద్నాలుగేళ్ళుగా టౌనులో చెత్త ఎత్తే కాంట్రాక్టు పని. చేతులకు గ్లవుజులు, కాళ్ళకు బూట్లు ఇవ్వమని పనివాళ్ళంతా ఒకరోజు రోడ్డు మీద బైఠాయిస్తే పోలీసులు పన్నెండు మంది మీద కేసు రాశారు. పదకొండు మంది తప్పు ఒప్పేసుకుని, జరిమానా కట్టి బయటపడ్డారు. మునియసామి మాత్రం "బూట్లు అడిగేది తప్పా?" అని మొండికేశాడు. అందుకని కోర్టు చుట్టూ తిరుగుతున్నాడు. ఒక్క వాయిదా తప్పలేదు, పాపం.

పొద్దున చెత్తబండి పని ముగించుకుని నేరుగా కోర్టుకే వచ్చేవాడు. బట్టల్లో వాసన. వరండాలో నిలబడితే పక్కవాళ్ళు కొంగులూ రుమాళ్ళూ ముక్కుకు అడ్డం పెట్టుకునేవాళ్ళు. అది చూడలేకో, తన ముక్కుకు కూడా ఆ వాసన పడకనో, సంజీవే ఒకనాడు అతన్ని పక్కకు పిలిచి కాంపౌండు గోడ దగ్గరున్న కానుగచెట్టు చూపించాడు. కోర్టులో అంతా తమిళమే అయినా ఇద్దరిళ్ళలోనూ తెలుగే కనుక తెలుగులోనే చెప్పాడు.

"నువ్వు ఆడ నీడలో నిలబడప్పా. ఈడ నిలబడి ఎందుకు వాళ్ళ చేత మాటలు పడేది? నీ పేరు వస్తే నేను పిలుస్తాను గదా."

"సరన్నా. నువ్వు పిలిస్తే చాలు," అన్నాడు మునియసామి.

అప్పటినుంచి అదే ఏర్పాటు. సంజీవి రెయిలింగు దాకా వచ్చి ఒక్క కేక వేస్తే అతను పరుగున వచ్చేవాడు.

ఏప్రిల్ నెల వాయిదా నాడు ఎండ మండిపోతోంది. జాబితాలో అరవై కేసులు. మేజిస్ట్రేటు కొత్తగా వచ్చినవారు, అన్నీ చకచకా జరిగిపోవాలంటారు. వరండా గచ్చు మీద కాలు పెట్టేలా లేదు. సంజీవి గుమ్మం లోపలే ఫ్యాను కింద నిలబడి పేర్లు పిలుస్తున్నాడు. మునియసామి పేరు వచ్చింది. మెడ మాత్రం బయటికి పెట్టి ఒక్కసారి పిలిచాడు, అదీ గొంతు పూర్తిగా తెరవకుండా. వెంటనే వెనక్కి తిరిగి "లేరయ్యా" అనేశాడు.

ఎందుకలా చేశావయ్యా అంటే ఏం చెబుతాడు? ఫ్యాను కింద హాయిగా ఉంది, అంతే. మనిషన్నాక ఒకపూట బద్ధకించడా అంటారేమో. బద్ధకించవచ్చు, ఎవరు కాదన్నారు? కానీ ఆ బద్ధకం ఇంకొకడి మెడకు చుట్టుకుంటే దానికేం పేరు పెట్టాలి?

మధ్యాహ్నం భోజనాలయ్యాక మునియసామి తనే మెట్ల దగ్గరికి వచ్చాడు. "అన్నా, నా పేరు ఇంకా రాలేదే?"

సంజీవికి పొద్దుటి పిలుపు గుర్తొచ్చింది. అప్పుడైనా అతని చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయి, "అయ్యా, నేను సరిగా పిలవలేదు, తప్పు నాది" అని ఉంటే వారంటు అక్కడికక్కడే రద్దయిపోయేది. అదే రోజు మనిషి వచ్చి నిలబడితే రద్దు చేయడం కోర్టులో మామూలే. మహా అయితే నలుగురి ముందు నాలుగు చీవాట్లు తినేవాడు. ఆ నాలుగు చీవాట్లకే భయపడ్డాడు.

"వాయిదా పడిపోయినాదప్పా," అన్నాడు. "జూన్‌లో వస్తే చాలు. నువ్వు ఇంటికి పో."

"నీకి పుణ్యముంటాదన్నా," అని మునియసామి వెళ్ళిపోయాడు.

గుమాస్తా అంబుజం కిటికీలోంచి చూడనే చూసింది. "అదెవరు, ఆ చోళపురం ఆయన కాదా? ఇప్పుడే గదా పట్టుకురమ్మని పిడివారంటు రాసినాము! పిలవండి, మేజిస్ట్రేటు అయ్య లేచేలోపల నిలబెడదాము."

"ఆయన వేరే మనిషి మేడం," అన్నాడు సంజీవి.

ఒకే పూటలో రెండు అబద్ధాలు. జూన్‌లో ఎలాగూ వస్తాడు కదా, అప్పుడొక వకీలుతో అర్జీ పెట్టిస్తే సరిపోతుందిలే అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు. పోలీసు స్టేషనులో వారంట్లు కట్టలు కట్టలుగా పడి ఉంటాయి, వాటిని తిరగేసే తీరిక ఎవరికి? నిజమే, ఎవరికీ ఉండేది కాదు. కానీ మే నెలలో పైనుంచి ఉత్తర్వు వచ్చింది, మిగిలిపోయిన వారంట్లన్నీ నెలాఖరులోగా అమలు జరగాలని.

మే చివరి శుక్రవారం సాయంత్రం అయిదు గంటలకు, అయ్య లేవబోతుండగా, హెడ్ కానిస్టేబుల్ సెంథిల్ మునియసామిని తీసుకొచ్చి నిలబెట్టాడు. పనిలోంచే పట్టుకొచ్చినట్టున్నారు, అతని ఖాకీ చొక్కాకు ఇంకా మడ్డి అంటి ఉంది. సంజీవి గుమ్మం పక్కకు జరిగాడు.

"వాయిదాకు ఎందుకు రాలేదు?" అని అడిగారు మేజిస్ట్రేటు.

"వచ్చినానయ్యా. పోయి జూన్‌లో రా అని చెప్పినారు."

"ఎవరు చెప్పింది?"

మునియసామి తల తిప్పి సంజీవి వంక చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఏదో అడుగుతున్నట్టు చూశాడు.  సంజీవి రిటైరవడానికి ఇంకా పదమూడు నెలలున్నాయి, ఇప్పుడొక మెమో చేతికొస్తే ముప్పై ఏళ్ళ పేరు ఏమైపోతుంది, పెన్షన్ ఏమైపోతుంది, ఇదే తిరుగుతోంది బుర్రలో. ఎర్రపట్టీ సవరించుకుంటున్నట్టు తల దించేశాడు.

"తెలియదయ్యా," అన్నాడు చివరికి మునియసామి. తర్వాత చేతులు జోడించాడు. "సోమవారం పొద్దున మున్సిపల్ ఆఫీసులో నా సర్టిఫికెట్లు చూస్తారయ్యా. పద్నాలుగేండ్లకు ఇప్పుడు పర్మనెంటు వస్తా ఉండాది. ఆ పొద్దు నేను లేకపోతే జాబితాలో వెనకాలోడిని పిలిచేస్తారు. పని ముగించుకుని సాయంత్రమే వచ్చి ఈడ నిలబడతానయ్యా. యాడికీ పోను."

"అంత ముఖ్యమైన పని ఉన్నవాడు వాయిదాకు వచ్చి ఉండాలి," అన్నారు మేజిస్ట్రేటు. "సోమవారం వకీలు ద్వారా అర్జీ పెట్టుకో." రిమాండుకు సంతకం పెట్టి లేచిపోయారు. ఆయనను అనడానికేముంది? ఆయనకు తెలిసిందల్లా సంజీవి చెప్పిన "లేరయ్యా" ఒక్కటే.

శనివారమంతా సంజీవికి అన్నం సయించలేదు. భార్య సుందరవల్లి గుచ్చి గుచ్చి అడిగితే జరిగిందంతా కక్కేశాడు. ఆవిడ చేతిలో గరిటె పక్కన పెట్టి, అతని మొహంలోకి చూసింది.

"వాని కడుపు కొట్టి మనకు పెన్షన్ ఎందుకండీ? రేపు పొద్దున అయ్య ఇంటికి పోయి చెప్పేసి రండి."

ఆదివారం పొద్దున స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని బయలుదేరాడు. మేజిస్ట్రేటు బంగళా గేటు దాకా పోయాడు కూడా. వాచ్‌మన్ "ఏమి సార్, ఇంత దూరం?" అని పలకరించాడు. "ఏమీ లేదప్పా, ఊరికే ఇట్లా వస్తిని," అని వెనక్కి తిరిగాడు. ఛీ, నీదీ ఒక బతుకేనా అని దారంతా తనను తనే తిట్టుకున్నాడు. తిట్టుకున్నాడే గాని కాళ్ళు ఇంటివైపే నడిచాయి.

సోమవారం మునియసామి అర్జీ వంతు వచ్చేసరికి రెండున్నర అయింది. సంజీవి వరండా చివరిదాకా పోయి అతని పేరు మూడుసార్లూ గొంతు చించుకుని పిలిచాడు. అతను ఇద్దరు పోలీసుల మధ్య నాలుగడుగుల దూరంలోనే నిలబడి ఉన్నాడు, పిలవాల్సిన పనే లేదు. వారంటు ఒక్క నిమిషంలో రద్దయింది. మున్సిపల్ ఆఫీసులో సర్టిఫికెట్లు చూడడం మాత్రం ఒంటిగంటకే అయిపోయింది. జాబితాలో వెనకాలున్న మనిషికి ఉద్యోగం ఇచ్చేశారు.

నాలుగు రోజులు చూసి, సంజీవి బస్సెక్కి చోళపురం పోయాడు. గుమ్మంలో మునియసామి భార్య అముదా అతన్ని ఎగాదిగా చూసింది. "కోర్టులో పని చేస్తానమ్మా" అనగానే ఆవిడ మొహం గంటు పెట్టుకుని లోపలికి పోయింది. మునియసామే బయటికి వచ్చి స్టూలు వేశాడు, చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. సంజీవి ఆ నీళ్ళు తాగలేకపోయాడు. చెంబు పట్టుకునే అంతా చెప్పాడు. ఎండకు ఓర్వలేక ఒక్కసారే పిలిచానన్నాడు, చీవాట్లకు భయపడి అబద్ధం చెప్పానన్నాడు, శుక్రవారం తల దించుకున్నది పెన్షన్ కోసమన్నాడు. 

"ఇదంతా నాకి ముందే తెలుసన్నా," అన్నాడు మునియసామి. "స్టేషన్‌లో వారంటు తేదీ ఆ వాయిదా పొద్దుదే అని చదివి చెప్పినప్పుడే తెలిసిపోయినాది."

సంజీవి నిర్ఘాంతపోయాడు. "తెలిసి కూడా అయ్య అడిగినప్పుడు నా పేరు ఎందుకు చెప్పలేదప్పా? ఒక్క మాట చెప్పి ఉంటే ఆ పొద్దే నిన్ను ఇడిసిపెట్టేవాళ్ళు గదా!"

మునియసామి అతని చేతిలోని చెంబు తీసి కింద పెట్టాడు.

"నువ్వు ఆడనే నిలబడి ఉంటివి గదన్నా," అన్నాడు. "నువ్వే చెప్తావని చూస్తిని."