నీళ్ళు నోటీసు చదవవు

ఆ నాలుగంతస్తుల కార్మికుల ఇళ్ళకు నీళ్ళెక్కించే పంపు మేస్త్రీకి భౌతికశాస్త్రమంటే ప్రాణం. సర్వేల కోసం గడప గడపా తిరిగే అక్క చదివిన సామాజిక శాస్త్రమంటే ఎగతాళి. "నాది లెక్క, నీది ఊసుపోని కబురు" అనేవాడు. ఇప్పుడా లెక్కే మెడకు చుట్టుకుంది. పది రోజులుగా పై అంతస్తుకు చుక్క రావడం లేదు. శనివారంలోగా ఎక్కకపోతే పనిలోంచి తీసేస్తానని ఇంజనీరు మొహం మీదే చెప్పాడు.

పంపు విప్పాడు. వాల్వులు చూశాడు. గొట్టాలన్నీ తట్టాడు. అన్నీ నిక్షేపంలా ఉన్నాయి. చివరికి సిగ్గు చంపుకుని అక్క దగ్గరికెళ్ళాడు.

"అక్కా, నీళ్ళు మాట వినడం లేదే."

"నీళ్ళు వింటాయిలేరా. మనుషుల సంగతి చూద్దాం పద."

ఆమె ఏ ఇంట్లోనూ నీళ్ళ ఊసెత్తలేదు. పిల్లల చదువులడిగింది, పొద్దున్నే ఎన్నింటికి లేస్తారని అడిగింది. తమ్ముడికి ఒళ్ళు మండింది. కింది అంతస్తులో ఒక పెద్దావిడ వంటింట్లో డ్రమ్ములు, బకెట్లు, ఆఖరికి చెంబులు కూడా అంచుల దాకా నిండి ఉన్నాయి.

"ఇన్ని దేనికి పిన్నిగారూ?"

"మీ తమ్ముడే కదమ్మా గోడకు కాగితం అంటించాడు, ఆరున్నర దాటితే ప్రెషర్ పడిపోతుందని. అందుకే అందరం ఆరింటికే కుళాయిలన్నీ తిప్పేస్తున్నాం. రేపు ఇవి పారబోసి మళ్ళీ పట్టుకుంటాం."

జనానికి నిజం తెలియాలని మేస్త్రీ పది రోజుల కిందట కొలిచి మరీ అంటించిన కాగితం అది. అంటించకముందు ఆరున్నర తర్వాత ధార కాస్త సన్నబడేది, అంతే.

మెట్ల మీద అక్క అంది: "నీళ్ళు నోటీసు చదవవురా. మనుషులు చదువుతారు, చదివి మారిపోతారు. నీ కొలత రాసేలోపే పాతబడుతుంది. ఇప్పుడు చెప్పు, ఎవరి చదువు కష్టం?"

"నీదే తల్లీ. దండం పెడతాను, దారి చెప్పు."

"కాగితం చింపినంత మాత్రాన భయం చిరగదు. పై అంతస్తులో నీళ్ళు రాని ఒకావిడను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరుగు. ఆవిణ్ణే మాట్లాడనివ్వు. నువ్వు మాత్రం లెక్కలు విప్పకు."

శుక్రవారమంతా ముప్పై గడపలు ఎక్కి దిగారు. ఇద్దరు తలుపు మొహాన వేశారు. మిగతావాళ్ళు పైనావిడ ఖాళీ బిందె చూసి తలదించుకున్నారు, నీళ్ళు పట్టుకోడానికి వంతులు పెట్టుకున్నారు.

శనివారం పై అంతస్తు కుళాయి ముందు బుసకొట్టింది, తర్వాత దారంలా కారింది, తర్వాత ధార కట్టింది. ఇంజనీరు రిజిస్టరు తెరిచాడు.

"ఏ వాల్వు మార్చావ్?"

"ఏదీ మార్చలేదు సార్. మా అక్క చేసిన పని. ఆవిడ పేరు రాయండి."

"దానికిక్కడ గడి లేదయ్యా."

మేస్త్రీ స్కేలు తీసి కొత్త గడి గీశాడు.