గుచ్చని సూది

కోల్డ్ స్టోరేజీలో ఆమెను అందరూ థర్మామీటరమ్మ అనేవారు. ఓడ మీద విదేశాలకు వెళ్ళే చేపల పెట్టెలు కంటైనరులోకి ఎక్కే ముందు, ఒక్కో దొంతరలో ఒక పెట్టె విప్పి, గడ్డకట్టిన చేపకు చిన్న డ్రిల్లుతో బెజ్జం వేసి, అందులో థర్మామీటరు సూది గుచ్చి, అంకె నిలిచేదాకా ఆగి కాగితం మీద రాయడం ఆమె పని. మైనస్ పద్దెనిమిది కంటే వెచ్చగా ఉంటే ఆ దొంతర తిరిగి చల్లగదిలోకి పోవాల్సిందే. పదకొండేళ్ళలో ఆమె రాసిన అంకెను ప్రశ్నించినవాళ్ళు లేరు. "థర్మామీటరమ్మ రాసిందంటే ఇక చేప కూడా కాదనదు" అని లోడింగు మేస్త్రీ వేళాకోళమాడేవాడు.

ఆ కాగితమే ఇప్పుడు ఆమె మరిది మెడకు చుట్టుకుంది.

నెల కిందట వెళ్ళిన కంటైనరును అవతలి రేవులో తెరిచి చూస్తే, తలుపు వైపు పెట్టెలన్నీ కుంగిపోయి ఉన్నాయట. చేపలు ఒకసారి కరిగి, మళ్ళీ ముద్దగా గడ్డకట్టాయి. సరుకంతా పారబోశారు. బయలుదేరిన మొదటి గంటల్లో లోపలి గాలి వెచ్చగా ఉన్నట్టు కంటైనరు యంత్రంలో నమోదైంది. అది పాత యంత్రం, ఎందుకు వెచ్చబడిందో చెప్పలేదు. ఇరవై దొంతరలూ చల్లగా ఎక్కాయని ఆమె కాగితం చెబుతోంది. ఓడవాళ్ళ రికార్డు శుభ్రంగా ఉంది. ఇక మిగిలింది కోల్డ్ స్టోరేజీ నుంచి రేవు దాకా అయిదు గంటల లారీ ప్రయాణం. ఆ లారీ నడిపింది మరిది. దారిలో కూలింగ్ మిషన్ ఆపేసి పడుకుని ఉంటాడని మేనేజరు తేల్చేశాడు. మూడు రోజుల కిందట బండి తాళాలు లాక్కున్నారు. సోమవారం విచారణ. ఈ మచ్చ పడితే అతన్ని ఇక ఏ కూలింగ్ బండీ ఎక్కనివ్వరు. అతనికి వచ్చిన పని అదొక్కటే.

ఆదివారం మధ్యాహ్నం అందరూ భోజనాలకు కూర్చున్నారు.

"కునుకు తీసే ఉంటాడు," అన్నారు అత్తగారు, చిన్నకొడుకు కంచంలో కూర వేస్తూ. "వీడి సంగతి నాకు తెలియదూ? పరీక్ష హాల్లో నిద్రపోయిన ఘనుడు."

"పరీక్ష కష్టమై కాదమ్మా, నెత్తిమీద ఫ్యాను బాగా తిరిగి," అన్నాడు మరిది.

"పరాచికాలు చాలు," అన్నాడు ఆమె భర్త. "మోత భరించలేక మిషన్ ఆపావా లేదా? ఒక్క మాట చెప్పరా."

"ఆపలేదన్నయ్యా. ఒకచోట టైరు చూసుకోవడానికి దిగాను, అంతే."

"అయితే మీ వదిన రాసింది అబద్ధమా?"

ముగ్గురూ ఆమె వైపు చూశారు. ఆమె మంచినీళ్ళ కోసమని లేచి వంటింట్లోకి వెళ్ళింది. కుళాయి కింద పెట్టిన చెంబు నిండి పొర్లుతున్నా కాసేపు అలాగే నిలబడింది.

కంటైనరు నింపిన రోజు ఆమె పని మొదలుపెట్టకముందే ఫోర్క్‌లిఫ్టు మొరాయించి పన్నెండు దొంతరలు చల్లగది బయట చాలాసేపు ఉండిపోయాయి. కంటైనరు ఉన్న చల్లదనాన్ని నిలబెడుతుందే తప్ప, వెచ్చబడ్డ సరుకును వెంటనే గడ్డకట్టించలేదు. ఆ సంగతి ఆమెకంటే బాగా తెలిసినవాళ్ళు అక్కడ లేరు. అట్టపెట్టెల మీద చెమట పట్టడం ఆమె చూసింది కూడా. ఎనిమిది దొంతరలకు సూది గుచ్చి, ఆ పన్నెండింటికీ గుచ్చకుండానే అంకెలు రాసేసింది. అన్నీ ఒకేలా ఉంటే అనుమానం వస్తుందని ఒకచోట పద్దెనిమిది పాయింట్ రెండు, ఒకచోట పాయింట్ ఆరు, మధ్యలో ఒక పంతొమ్మిది.

ఎందుకలా చేశావని తనను తాను ఎన్నిసార్లో నిలదీసుకుంది. ఓడకు టైమైపోతోందని. చలికి వేళ్ళు కొంకర్లు పోయాయని. మోకాళ్ళు సలిపాయని. అసలు సంగతి అంతకంటే చిన్నది. క్యాంటీను నాలుగింటికి మూసేస్తారు. వేడిగా ఇంత టీ తాగాలనిపించింది.

సాయంత్రం ఆమె డాబా మీద ఆరిన బట్టలు తీస్తుంటే మరిది వచ్చి పిట్టగోడ మీద కూర్చున్నాడు.

"వదినా, ఒకటి చెబుతాను, నవ్వకూడదు."

"చెప్పు."

"నేనే ఆపేశానేమో."

ఆమె చెయ్యి తీగ మీదే ఆగిపోయింది.

"టైరు చూడ్డానికి దిగినప్పుడు మిషన్ మోత వినపడిందనే అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటుంటే వినపడలేదేమో అనిపిస్తోంది. ఆపి మర్చిపోయానేమో. నువ్వు తప్పు రాయవు. చేప తనంతట తను కరగదు. ఇక మిగిలింది నేనేగా? రేపు ఒప్పేసుకుంటాను. ఒప్పుకుంటే కాస్త జాలి చూపిస్తారేమో."

అతను తిట్టినా, నీ కాగితమే తప్పని కేకలేసినా ఆమె ఇంకో రోజు నోరు కుట్టేసుకుని ఉండేదేమో. చెయ్యని తప్పును అతను తనలో తానే వెతుక్కోవడం మాత్రం చూడలేకపోయింది.

"పన్నెండు దొంతరలకు నేను సూది గుచ్చలేదు," అంది.

అతను నవ్వాడు. "నీకు జోకులు చేతకావు వదినా, ఆ పని నాకొదిలెయ్." అంతలో ఆమె మొహం చూశాడు. "నిజంగానా?"

"వెచ్చబడ్డాయని తెలిసే రాశాను."

"ఎందుకు?"

"టీ తాగుదామని."

అతను పిట్టగోడ మీంచి లేచాడు. "ఇందాక భోజనాల దగ్గర కూడా నీకు తెలుసు," అన్నాడు. "మూడు రోజులుగా నాకు మతి పోతోందేమో అనుకున్నాను." మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

సోమవారం పదకొండింటికి ఆమె చెప్పిందంతా విని మేనేజరు పెన్ను బల్ల మీద పెట్టాడు.

"అమ్మా, మరిది మీద అభిమానం ఉండాల్సిందే. అందుకని పదకొండేళ్ళ మంచి పేరు పోగొట్టుకుంటారా? మీరు అలా చేశారంటే ఈ గోడలు కూడా నమ్మవు."

మరిది తలుపు పక్కన తల వంచుకుని నిలబడ్డాడు. తన మాట చెల్లకపోతే బాగుండునని ఒక్క క్షణం ఆమెకు ఆశ కలిగింది. ఆ ఆశకు తనమీద తనకే రోత పుట్టింది.

"గేటు రిజిస్టరు తెప్పించండి సార్," అంది. "నేను సరిగ్గా మూడింటికి మొదలుపెట్టాను, టైము కాగితం మీదే ఉంది. పెట్టె విప్పి, బెజ్జం వేసి, అంకె నిలిచేసరికి దొంతరకు అయిదు నిమిషాలు. ఇరవైకి గంటా నలభై. ఆ రోజు బండి నాలుగు కొట్టకముందే సీలు పడి గేటు దాటింది."

రిజిస్టరు వచ్చింది. మూడు యాభై అయిదు. మేనేజరు వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు, మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు.

"ఇన్నేళ్ళలో ఈ లెక్క ఎవరూ వెయ్యలేదా?"

"నేను రాశాను కదా అని వెయ్యలేదు సార్."

అతను సొరుగు లాగి తాళాలు బల్ల మీద ముందుకు తోశాడు. మరిది వచ్చి తీసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"అమ్మకూ అన్నయ్యకూ నువ్వే చెప్పు వదినా. నా నోటితో చెప్పించకు."

"నేనే చెబుతాను."

అతను వెళ్ళాక మేనేజరు మర్యాద గొంతు మారింది.

"ఇదొక్కటేనా?"

అవునందామని నోరు తెరిచింది. హడావుడి రోజులు కళ్ళ ముందు తిరిగాయి. కరెంటు పోయిన రోజు, సీలు వేసేవాడు మీద నిలబడి తొందరపెట్టిన రోజు. ఒకటో రెండో దొంతరలు. అప్పుడేమీ కాలేదు గనుక ఆమెకు అవి తప్పులుగానే తోచలేదు.

"కాదు సార్," అంది.

అతను అటెండరును పిలిచి రెండేళ్ళ ఫైళ్ళు తెప్పించి ఆమె ముందు పెట్టించాడు. "ఏవో మీరే గుర్తుపెట్టండి," అని కుర్చీ వెనక్కి జరుపుకుని కూర్చున్నాడు.

ఆమె మొదటి కాగితం వేలు పెట్టి వరసగా చూసి తిప్పింది. రెండోదీ తిప్పింది. మూడోదాని మీద సగం దాకా వచ్చి ఆగి, ఎర్ర పెన్ను ఉంటే ఇమ్మని అడిగింది.