పత్తికట్టెలో తీపి

ప్రత్తిపాడు చుట్టుపట్ల పత్తి ఆఖరి ఏరుడు అయిపోయాక చేలో నిలిచిన పత్తికట్టె పీకినవాళ్ళదే. పీకినందుకు వేరే కూలి ఉండదు, ఆ కట్టే కూలి. కరీమున్ రెండేళ్ళ కూతురు సమీరాను గట్టు మీద కూర్చోబెట్టుకుని పది రోజులు పీకింది. మోపులు మోసుకొచ్చి ఇంటి వెనక నిలువెత్తు కుప్ప వేసింది. ఏడాది పొడుగునా పొయ్యి వెలగాల్సింది దానితోనే. ఆ కుప్పను మొగుడు బుడాన్ ఆమెను ఒక్కమాటైనా అడక్కుండా గుంటూరు సారుకి ఇస్తానని ఒప్పుకుని వచ్చాడు.

సారు పేరు చైతన్యకృష్ణ. మూతబడ్డ జిన్నింగు మిల్లు షెడ్డులో డ్రమ్ములు పెట్టుకున్నాడు. బుడాన్‌ని పనికి కుదుర్చుకున్నాడు. కట్టెను సన్నగా నరికి, ఆవిరిలో ఉడికించి, చల్లార్చి, ఎంజైమనే మందు పోస్తే మూడు రోజుల్లో తియ్యనీళ్ళు దిగుతాయట, అవి సారు తీసుకుంటాడట. ఆ మందును ఏదో బూజులోంచి తీస్తారట. మిగిలిన పిప్పిని బిళ్ళలు కొట్టి తిరిగి ఇస్తాడట, అవి పొయ్యిలో కట్టె కన్నా బాగా మండుతాయట.

కరీమున్‌కి ఒక్క ముక్కా నమ్మబుద్ధి కాలేదు. ఏడో తరగతితో బడి మానేసింది గానీ బుర్ర మానేయలేదు కదా. ఏడెనిమిదిసార్లు పురుగుమందు తాగిన కట్టెలోంచి తీపి ఎట్లా వస్తుంది? వచ్చిందే అనుకో, సారమంతా లాగేసిన పిప్పి ఏం మండుతుంది? పక్కింటి జైనాబీ అయితే తన కుప్ప మీద సారుని చెయ్యి వెయ్యనివ్వలేదు. ముందు నీ పిప్పి మండనీ, తర్వాత నా సంగతి చూద్దాం అంది.

శుక్రవారం పొద్దున్నే డ్రమ్ములో మందు పోసి సారు గుంటూరు వెళ్ళాడు. కరీమున్ కుప్పలో సగం ఆ డ్రమ్ములోనే ఉంది, మిగతా సగం షెడ్డులో పక్కన పడి ఉంది. మధ్యాహ్నం బుడాన్ జుమ్మా నమాజుకు పోతూ ఆమెను డ్రమ్ము దగ్గర కూర్చోబెట్టాడు. వేడి చూసే గాజుగొట్టంలో ఎర్రగీత యాభై దాటకూడదు, కింద మంట ఆరిపోకూడదు, అంతే పని.

మందు డబ్బా మూలన ఐసుపెట్టెలో ఉంది. కరీమున్ పత్తిచేలల్లో పెరిగిన మనిషి. గ్లాసు నీళ్ళలో రెండు చుక్కలు వేస్తే పాలలా తెల్లబడేది అసలు పురుగుమందు, తెల్లబడనిది నకిలీ. ఆ పరీక్ష చెయ్యకుండానే ఒక ఏడు వాళ్ళ నాన్న చేనంతా పురుగుకి అప్పగించాడు. ఆమె గ్లాసులో నీళ్ళు పోసి రెండు చుక్కలు వేసింది. నీళ్ళు పలచటి టీ రంగుకి తిరిగాయి తప్ప తెల్లబడలేదు.

నకిలీ! తన సగం కుప్ప నకిలీ మందులో నానుతోంది. మందులో పస లేనప్పుడు మంటలోనన్నా ఉండాలి కదా అనుకుని, డ్రమ్ము కిందకి కట్టె ఎగదోసింది. గీత ఎనభై దాటి నీళ్ళు కుతకుతలాడేదాకా ఎగదోసి, అప్పుడు కట్టె వెనక్కి లాగింది. బుడాన్ ఎవరితోనో మాటల్లో పడి పొద్దువాలాక గానీ రాలేదు. అప్పటికి గీత యాభైకి దిగింది. ఆమె గ్లాసు కడిగి బోర్లించింది.

సోమవారం సారు షుగరు జబ్బువాళ్ళు వాడే, తీపి తగిలితే రంగు మారే పట్టీ ఒకటి డ్రమ్ములో ముంచాడు. దాని రంగు మారలేదు. ఇంకోటి ముంచాడు. అదీ అంతే. మిగిలిన కట్టె ఇంటికి మోసుకుపోదామన్నాడు బుడాన్, తలెత్తకుండా. ఎంజైము మంచిదేనని, బాగా వేడి తగిలితే తప్ప చచ్చిపోదని సారు తనలో తను గొణుక్కుంటున్నాడు.

కరీమున్‌కి ఇంట్లో పాలు తోడు వేయడం గుర్తొచ్చింది. సమీరా పెరుగన్నం కోసం రోజూ సాయంత్రం పాలలో వేలు ముంచి, వేలు ఓర్చుకున్నాకే తోడు వేస్తుంది తను.

"పాలు పొంగుతుండగా తోడేసినట్టా సారూ?"

"అచ్చం అంతేనమ్మా."

"అయితే నేనే చంపాను," అంది. గ్లాసులో చుక్కల సంగతి, మంట సంగతి చెప్పేసింది. బుడాన్ నోరు తెరవబోతే సారు చెయ్యి అడ్డం పెట్టాడు. డబ్బాలో ఇంకొక్క డ్రమ్ముకే మందు ఉందన్నాడు. మిగిలిన కట్టె తీసుకుపోతారా, ఇంకోసారి చూద్దామా అని అడిగాడు. కరీమున్ ఇంటివైపు చూసింది. అది కూడా పోతే పొయ్యిలోకి పుల్ల ఉండదు.

"పొయ్యండి. నేను చెప్పినప్పుడే పొయ్యాలి." మిగిలిన కట్టె నరికి ఉడికించాక, గీత యాభై దగ్గర నిలిచినా ఆమె నమ్మలేదు. తోడు పెట్టేంత గోరువెచ్చన కన్నా ఒక పిసరు ఎక్కువ ఉండాలన్నాడు సారు. వేలు పెట్టి మూడు లెక్కపెట్టేదాకా ఓర్చుకోగలిగాకే తలూపింది. మూడు పగళ్ళూ డ్రమ్ము పక్కనుంచి కదల్లేదు. రాత్రిళ్ళు బుడాన్‌ని కాపలా పెట్టింది.

గురువారం పట్టీ ముదురు గోధుమరంగు తిరిగింది. సారు నవ్వుతూ గ్లాసు అందించాడు. ఆమె తాగలేదు. సమీరాని గట్టిగా పట్టుకుని, గోడవార చీమల బారు పక్కన నాలుగు చుక్కలు ఒలికించి గొంతుక్కూర్చుంది. ఒక చీమ వచ్చింది. తర్వాత బారంతా అటే తిరిగింది.

"సారు చెప్తే నమ్మవు, చీమ చెప్తే నమ్ముతావే," అన్నాడు బుడాన్.

"చీమకి ఎవరూ జీతం ఇవ్వట్లేదుగా."

తీపి సంగతి తేలింది, మంట సంగతి తేలలేదు. ఆమె పిప్పిని గుడ్డలో పిండి, పిడకల్లా తట్టి, రెండు రోజులు ఎండలో కాపలా కాసింది. శనివారం రెండు బిళ్ళలు పొయ్యిలో పెట్టింది. మొదట పొగ. తర్వాత నిలకడగా, చిటపటలు లేకుండా మంట. ఎసరు మరిగి, అన్నం ఉడికి, గంజి వార్చాక గానీ జైనాబీని పిలవలేదు.