మెడొక్కటే ఉన్నది

నేను ఒక అల్లిక సూదిని. బట్టలు కుట్టే సూదిననుకునేరు, కాదు. ఆ సూదికి కన్ను ఉంటుంది, నాకు లేదు. జానెడు దాటిన పొడవు, ఒక కొసన మొన, ఇంకో కొసన గుండీలాంటి తల, ఆ తల మీద పది అని నంబరు. నాకొక జోడు ఉంది. ఇద్దరం కలిస్తే తప్ప అల్లిక సాగదు. అందుకని మాలో ఎవరు గొప్ప అన్న పేచీ ఎన్నడూ రాలేదు. మనుషులకు ఆ సుఖం ఎట్లా తెలుస్తుంది?

పట్నంలో ఒక ఇరుకు కార్ఖానాలో మమ్మల్ని చేశారు. అల్యూమినియం తీగ కోసి, సాన పట్టి, బూడిద రంగు పూశారు. మొన గరుకుగా ఉందేమోనని ఒక ముసలాయన నన్ను తన చెంప మీద గీసి చూసుకున్నాడు. గుచ్చుకోలేదు. నన్ను జోడుతో కలిపి కాగితపు కవరులో వేసి తర్వాతి సూది అందుకున్నాడు. పుట్టుకలో నాకు దక్కిన మర్యాద అంతే.

మమ్మల్ని కొన్నది అలెయమ్మ అనే నర్సు. కేరళ నుంచి వచ్చి, గోదావరి అవతల ఒక బొగ్గు ఊరి ఆసుపత్రిలో పని చేసేది. బొగ్గు ఊరంటే ఎండకు పెట్టింది పేరని అందరికీ తెలుసు. అక్కడి చలికాలం సంగతి మాత్రం ఉన్నవాళ్లకే తెలుస్తుంది. పొద్దున నోరు తెరిస్తే పొగ వస్తుంది, చేతులు కొంకర్లు పోతాయి. అలెయమ్మ డ్యూటీ లేనప్పుడు వరండాలో కూర్చుని స్వెట్టర్లు అల్లేది. అదే వార్డులో ఆయాగా ఉన్న ఓదెమ్మ ఆమె చేతుల వంకే చూస్తూ నిలబడిపోయేది. చూసి చూసి అలెయమ్మే ఒకనాడు పిలిచి మమ్మల్ని ఆమె చేతిలో పెట్టింది.

ఓదెమ్మ చేతులు బకెట్లు మోసి మొద్దుబారిన చేతులు. నన్ను చీపురుకట్ట పట్టినట్టు పట్టింది. నాకు నవ్వొచ్చింది. నెల తిరక్కముందే ఆ చేతులే నన్ను చూడకుండా ఆడించడం మొదలుపెట్టాయి. బదిలీ మీద పోతూ అలెయమ్మ మా జతను ఆమెకే ఇచ్చేసింది. పోయేముందు చివరి పాఠం చెప్పింది. "ఎంత అల్లినా ఓదెమ్మా, ఆఖర్న కుట్లన్నీ మూసి, ముడివేసి, దారం తెంపాలి. తెంపకపోతే అది అల్లికే కాదు, ఒక్క లాగుతో ఊడిపోతుంది."

ఆ మాట మంచిదే. అదే ఆ ఇంటి కొంప ముంచింది.

ఓదెమ్మ మొదట అల్లింది మొగుడు రాజలింగుకు. అతను బొగ్గుగనిలో పని చేసేవాడు. గనిని అక్కడివాళ్లు బాయి అంటారు. తెల్లవారుజామున సైకిలు మీద బాయికి పోయేటప్పుడు చలికి పళ్లు కొరుక్కుంటూ పోయేవాడు. ముదురు ఆకుపచ్చ ఊలు తెచ్చి, వీపు, ఎదురు భాగం, రెండు చేతులు అల్లి, కలిపి కుట్టి, చివరకు మెడ పట్టీ వేసింది. కుట్లు మూసి, ముడివేసి, దారాన్ని పంటితో పుటుక్కున తెంపింది. రాజలింగు వేసుకుని అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకున్నాడు.

"పెండ్లి బట్టలకన్న గిదే మంచిగున్నదే" అన్నాడు.

మర్నాడు అది వేసుకునే బాయికి పోయాడు. భూమి లోపల ఉక్క కదా, దిగేముందు విప్పి సైకిలు హ్యాండిలుకు తగిలించాడు. ఆ పూట లోపల పైకప్పు కూలింది. అతని శవాన్ని ఆసుపత్రికి తెచ్చారు, సైకిలును ఇంటికి తెచ్చారు. హ్యాండిలుకు స్వెట్టరు అట్లాగే వేలాడుతోంది, మసి కూడా అంటలేదు.

బాయిలో కప్పు ఎందుకు కూలిందో చెప్పడానికి పెద్దమనుషులు నానా కారణాలూ వెతికారు. ఓదెమ్మకు అవేవీ అక్కర్లేకపోయాయి. "నేనే ముడేసిన, నేనే తెంపిన" అంది ఒక్కసారి, గోడ వైపు తిరిగి. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నాకు నోరుంటే ఆమెను గట్టిగా కసురుకునేవాణ్ణి. ఊలుకూ బండకూ ఏం చుట్టరికం తల్లీ అని అడిగేవాణ్ణి. సూదులకు నోరుండదు, మొన ఉంటుంది. ఆ మొన ఆమె చెప్పినట్టే నడిచింది.

ఇద్దరు పిల్లలు మిగిలారు, శ్రీశైలం, స్వరూప. వాళ్లు తల్లిని అవ్వా అని పిలిచేవారు. ఏటా దసరా పోగానే ఓదెమ్మ ఊలు కొని పిల్లలకు మొదలుపెట్టేది. ఎంత ప్రేమగా అల్లేదో నాకు తెలుసు, ఆ వేడి నా ఒంటికి తగిలేది. చేతులు అయ్యేవి, వీపు అయ్యేది, మెడ పట్టీ అయ్యేది. ఇక మూయడమే తరువాయి అనగా ఆగిపోయేది. కుట్లన్నిటినీ నా మీద నుంచి దించి, ఒక పాత దారంలోకి గుచ్చి, మడతపెట్టి రేకు పెట్టెలో వేసేది. మరుసటి ఏడాదికి పిల్లలు పెరిగేవారు, అది పొట్టయ్యేది, కొత్తది మొదలయ్యేది. దారం తెగకపోతే ఆయువు తెగదని ఆమె లెక్క.

వాడలో ఆడవాళ్లకు ఇదొక వేళాకోళమైంది. "ఓదక్కా, నీ కొడుకు పెండ్లి నాటికన్న అయితదా గా స్వెట్టరు?" అనేవారు.

"అయితది. ఇంక మెడొక్కటే ఉన్నది" అనేది ఓదెమ్మ.

పిల్లలు భుజాల మీద తువ్వాలు కప్పుకుని బడికి పోయేవారు. చలికాలం రాగానే నేపాలీలు రోడ్డు పక్క స్వెట్టర్లు గుట్టలు పోసి అమ్మేవాళ్లు. ఓదెమ్మ అటువైపు చూసేది కాదు. ఇంట్లో అల్లుతూ బజారులో కొంటే నలుగురూ ఎందుకని అడుగుతారు. అడిగితే చెప్పాలి. పిల్లల వీపు వణికినా సరే, ఆ మాట బయటికి రావద్దు. మనుషులు తమ భయాన్ని తమ పిల్లలకన్నా భద్రంగా దాచుకుంటారు. మీకు కోపం వచ్చినా నేను చూసింది ఇదే.

శ్రీశైలం పెద్దవాడయ్యాడు. తల్లి బాయిలోకి పోనివ్వలేదు, లారీ తోలాడు. తోటి డ్రైవర్లు స్వెట్టరు కొనుక్కోరాదురా అంటే, "మా అవ్వ అల్లుతాంది" అని నవ్వేవాడట. ఒక చలికాలం ముసురు పట్టింది. తడిసి, ఆ తడితోనే రెండు ట్రిప్పులు వేసి, జ్వరంతో వచ్చి పడ్డాడు. ఊపిరితిత్తులకు పాకింది. తల్లి పని చేసే వార్డులోనే చేర్చారు. ఎన్ని దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదు.

"అవ్వా, సలి పెడ్తాంది. నా స్వెట్టరు తే. అయినకాడికి తే" అన్నాడు.

ఓదెమ్మ ఇంటికి పరుగెత్తింది. రేకు పెట్టె తెరిచి, అన్నిటికంటే పెద్దది, నీలం రంగుది లాగింది. దాంతో పాటు నేనూ నా జోడూ చిక్కుకుని వచ్చాం. అందుకే ఆ తర్వాతది కళ్లారా చూశాను. కొడుకు తల దూర్చేటప్పుడు మెడలో గుచ్చిన పాత దారం తెగింది. పట్టు తప్పిన కుట్లు ఒకదాని వెంట ఒకటి జారాయి. అతను చలికి దాన్ని దగ్గరికి లాక్కున్నకొద్దీ ఛాతీ దాకా ఊడుతూ పోయింది. ఓదెమ్మ రెండు చేతులతో ఆ కుట్లను ఒడిసిపట్టుకుంది. ఎన్నని పట్టుకుంటుంది? శ్రీశైలం ఆ మధ్యాహ్నం పోయాడు. ఆమె పిడికిళ్లు విప్పడానికి ఇద్దరు నర్సులు కావలసి వచ్చింది.

చలి వల్ల కాదు, జబ్బు ముదిరిపోయిందని డాక్టరు చెప్పాడు. ఆమె వింటే కదా.

దినాలు కాగానే ఓదెమ్మ రేకు పెట్టెను మంచం పక్కకు ఈడ్చుకుంది. ఉన్నవన్నీ పూర్తి చేయాలని కూర్చుంది. బడికి పోయే పిల్లాడి కొలత మొదలు లారీ డ్రైవరు కొలత దాకా కొడుకువి వరసగా తీసింది. పురుగు కొట్టినచోట అతికింది, రంగు దొరకని చోట వేరే ఊలు కలిపింది. కుట్లు మూసింది, ముడివేసింది, పుటుక్కున తెంపింది. ఇన్నేళ్లు మూయని చేతులు ఎంత తొందరగా మూశాయో! ఇక భయపడడానికి ఏముంది, తొడుక్కునేవాడు లేడు. నాకు ఏడుపొచ్చిందని రాస్తే మీరు నమ్మరు. అయినా రాస్తున్నాను.

వాటిని వాడలో పిల్లలకు ఇవ్వబోయింది. ఒకామె తీసుకుని మర్నాడే వెనక్కి తెచ్చింది. "మా అత్త వద్దంటాంది ఓదక్కా. పోయినోని పేరు మీద అల్లినయి గదా" అంది తల దించుకుని. మిగతావాళ్లు ఆ మాట కూడా అనకుండా తప్పుకున్నారు. పూర్తికానంతకాలం వేళాకోళమైన స్వెట్టర్లు పూర్తయ్యాక దోషమయ్యాయి. అన్నీ మళ్లీ పెట్టెలోకే వెళ్లాయి.

ఇక మిగిలినవి స్వరూపవి. ఆమెకు పెళ్లయి, అదే ఊళ్లో రెండు వీధుల అవతల ఉండేది. లాస్య అని చిన్న కూతురు. చిన్నప్పటివన్నీ ఓదెమ్మ పక్కకు నెట్టి, స్వరూప ఇప్పటి కొలతకు మెంతిరంగుది ఒకటి కొత్తగా ఎత్తుకుంది. అప్పటికే ఓదెమ్మ కాళ్లు నీరు పట్టాయి, నాలుగు కుట్లు వేస్తే ఆయాసం. ఎక్కువ రోజులు లేవని డాక్టరు స్వరూపను పక్కకు పిలిచి చెప్పాడు. తండ్రి పోయినప్పుడు తల్లి గోడకు చెప్పుకున్న మాట స్వరూప చెవిన చిన్నప్పుడే పడింది. ఇప్పుడు ఆమెకు ఒక్కటే పట్టుదల. తల్లి తన కోసం ఒక్కటైనా భయం లేకుండా మూయాలి, తాను తొడుక్కుని ఆమె కళ్ల ముందు తిరగాలి. అట్లా అయితేనే ఆ మనిషి నెమ్మదిగా పోతుంది.

ఒక పొద్దున వచ్చి మంచం మీద కూర్చుంది. "అవ్వా, అన్న స్వెట్టరు అప్పుడు నువ్వు మూయలె. మరి అన్న ఉన్నడా? మూస్తేంది, మూయకుంటేంది? ఇయ్యాల నా ముందట ముడెయ్యి."

ఓదెమ్మ మమ్మల్ని చేతిలోకి తీసుకుంది. ఒక్కొక్క కుట్టే మూస్తూ వచ్చింది. మెడ చుట్టూ తిరిగి ఒకే ఒక్క కుట్టు నా మీద మిగిలింది. దారం తెంపి, కొసను ఆ కుట్టులోంచి లాగేస్తే అయిపోయినట్టే. చేతులు ఆగిపోయాయి.

"నాతోటి కాదు బిడ్డా. కత్తెర నువ్వు పట్టు. నువ్వే తెంపు."

"గింతేనా" అని స్వరూప నవ్వుతూ కత్తెర తీసింది. దారాన్ని రెండు అంచుల మధ్య పెట్టింది. వాకిట్లో లాస్య ఆడుకుంటూ దగ్గింది, అందరు పిల్లలూ దగ్గినట్టే. స్వరూప తలెత్తి అటు చూసింది. నవ్వు పోయింది. కత్తెర తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. చివరకు కత్తెరను మంచం మీద పెట్టేసింది.

"అయితలేదు గదా బిడ్డా" అంది ఓదెమ్మ. గెలిచినట్టు అనలేదు. కూతుర్ని దగ్గరికి తీసుకుని, తల నిమురుతూ, అయ్యో నా బిడ్డా అని ఏడ్చింది. తనతోనే పోవాలనుకున్న భయం కూతురికి కూడా అంటిందని ఆమెకు అప్పుడు తెలిసింది. ఆ వారంలోనే పోయింది.

మెంతిరంగు స్వెట్టరు ఇప్పుడు స్వరూప ఇంట్లో, ఆ రేకు పెట్టెలోనే ఉంది. నేనూ అందులోనే ఉన్నాను, ఆ ఒక్క కుట్టును మోస్తూ. నా జోడు పక్కనే పనిలేక పడుకుంది. చలి మొదలయ్యాక స్వరూప ఒకసారి మూత తెరుస్తుంది. కుట్టు జారలేదు కదా అని వేలితో తడిమి చూసి, మూత వేస్తుంది.

లాస్యకు మటుకు చలి లేదు. ఎర్రటి స్వెట్టరు వేసుకుని బడికి పోతుంది. నేపాలీల దగ్గర కొన్నది. దాని మెడ ఎవరు మూశారో, దారం ఎవరు తెంపారో స్వరూపకు తెలియదు.