ప్రింటర్ అడిగిన పాస్‌వర్డ్

మా ఇంట్లో బల్బు మార్చినవాణ్ణల్లా ఇంజనీరంటారు కాబట్టి, ఆ బిరుదు నాకే ఉంది. పోయిన వారం ఆ బిరుదుతోనే వైఫై పాస్‌వర్డ్ మార్చాను. మేం కింద, అన్నయ్యా వదినా పైన. రెండిళ్ళకీ నా కనెక్షనే. పగలంతా పైన వదిన ఫోన్లో వీడియోలు మోగుతూనే ఉండేవి, కింద నా ఆఫీసు మీటింగుల్లో బొమ్మ బిగుసుకుపోయేది. నాకు ఒళ్ళు మండింది. వదిన మీదే ఒక వెటకారం మాట అల్లి, దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో పాస్‌వర్డ్‌గా పెట్టి, నా తెలివికి నేనే నవ్వుకున్నాను. వాళ్ళతో మాత్రం లైన్ బాగాలేదని చెప్పాను.

ఈ సాయంత్రం వదిన మెట్లు దిగి వచ్చింది.

"అబ్బాయ్, మిగిలిన కాస్త డేటాతో నీ ఫోన్‌కి బొమ్మల కార్డులు పంపాను. ప్రింట్ తీసిపెడతావా? రేపు పొద్దున్నే స్కూల్లో డెమో క్లాసు. నచ్చితే ఉద్యోగం ఇస్తారట. బయట షాపు మూసేసి ఉంది."

"డెమో క్లాసా? ఎప్పుడు నేర్చుకున్నారు వదినా?"

"ఫోన్లోనే. పిల్లలకి పాఠం ఎలా చెప్పాలో వీడియోలు చూసేదాన్ని. చివర్లో లైన్ పోయింది గానీ, గుర్తున్నంతవరకూ చెప్తాలే."

నేను వారాల తరబడి తిట్టుకున్నవి పాఠాలన్నమాట.

ప్రింటర్ కదల్లేదు. నెట్‌వర్క్ లేదంది. ఎందుకు లేదో నాకు తెలుసు, దానికింకా పాత పాస్‌వర్డే గుర్తు. కొత్తది కొడితే సరిపోతుంది, కానీ ఆ మాట ఈవిడ ఎదుట ఎలా కొట్టడం? ఆపి మళ్ళీ ఆన్ చేశాను. రూటర్ పక్కకి జరిపాను. కాగితాలు తీసి, దులిపి, మళ్ళీ పెట్టాను. వైరుతో కలుపుదామంటే, ఈ కాలంలో ఇంకా వైర్లేమిటని దాన్ని పారేసిన మేధావిని నేనే. పోనీ రూటర్లోనే పాస్‌వర్డ్ మార్చేద్దామంటే లైన్ తెగుతుంది. లోపలి గదిలో నా భార్య వాళ్ళ మేనేజరుతో వీడియో కాల్లో ఉంది.

"పాస్‌వర్డేమైనా మారిందేమో చూడు," అంది వదిన.

"మారింది."

"మరి కొత్తది కొట్టు."

ప్రింటర్ తెర అగ్గిపెట్టెంత. ఆవిడకి అడ్డంగా వంగి కొట్టబోయాను. నా లావు వేళ్ళకి ఒకటి నొక్కితే ఇంకొకటి పడుతోంది. ఎన్నిసార్లు కొట్టినా తప్పే అంది.

"ఇలా జరుగు. నువ్వు చెప్పు, నేను కొడతా."

తప్పుడు అక్షరాలు చెప్పొచ్చు. చెబితే నా పరువు మిగులుతుంది, రేపు ఆవిడ ఖాళీ చేతులతో పిల్లల ముందు నిలబడుతుంది. సరైనవే చెప్పాను.

"టి... ఇ... ఆర్... ఏ... జి... ఏ..."

"తేరగా," అని మెల్లగా చదువుకుంది. "ఊఁ, తర్వాత?"

"వి... ఏ... డి..."

ఆవిడ వేలు ఆగింది. భూమి చీలితే బాగుండుననిపించింది.

"మిగతావి నాకు తెలుస్తున్నాయిలే," అని చివరి మూడు అక్షరాలూ తనే కొట్టింది.

తేరగావదిన. ప్రింటర్ వెంటనే ఒప్పుకుంది. కాకి, గొడుగు, పడవ ఒక్కొక్కటే బయటికొచ్చాయి.

"వదినా, నేను..." అని కార్డులు అందుకోబోయాను.

"ముట్టుకోకు, ఇంకు తడిగా ఉంది."

తనే ఏరుకుని, అంచులు సరిచేసుకుని మెట్ల దాకా వెళ్ళి ఆగింది. నా వైపు చూడలేదు.

"లైన్ బాగైందని మీ అన్నయ్యకి చెప్పకు. పాస్‌వర్డ్ అడుగుతారు."

పైన తలుపు పడింది. లోపల కాల్ ముగిసినట్టుంది, నా భార్య గదిలోంచే అడిగింది.

"ప్రింటర్ బాగైందా ఇంజనీరుగారూ?"